ఓడిపోయినా ఖర్చుల లెక్క ఇవ్వాలా? మూడు చోట్ల పేరుంటే నా ఓటు ఎక్కడ?

ప్రశ్న: 2025 డిసెంబరు 17న మూడో విడతలో మా ఊరి సర్పంచ్ ఎన్నిక జరిగింది. సీటు మహిళలకు రిజర్వ్ కావడంతో మా అమ్మ నిలబడింది. ఊరి జనాభా మూడు వేల లోపే. పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. అవతలివాళ్లు ఓటుకు ఇంత అని పంచారు. అమ్మ మాత్రం ఒక్క రూపాయి కూడా పంచేది లేదంది. ఇప్పుడు ఎంపీడీఓ ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఖర్చుల లెక్క ఇవ్వమంటున్నారు. ‘ఓడినోళ్లు లెక్కలిచ్చేదేంది’ అని ఊళ్లో అంటున్నారు. బిల్లులు సగం లేవు. డాలస్‌లో ఉన్న మా అన్న, అతని దోస్తులు కొంత డబ్బు పంపారు. అది కూడా చూపించాలా?

ఇంకో టెన్షన్ నా ఓటు గురించి. పెళ్లయ్యాక కూడా నా పేరు పుట్టింటి ఊళ్లోనే ఉంది. అత్తగారి ఊళ్లో మామయ్య కూడా ఎక్కించారట. మేం ఉండేది కూకట్‌పల్లిలో. జీహెచ్‌ఎంసీ ఎన్నికలకు ఇక్కడా ఓటు పెట్టుకోమని అపార్ట్‌మెంట్ వాళ్లు అంటున్నారు. అమ్మేమో ‘నీ ఓటు ఊళ్లోనే ఉండనియ్యి, హైదరాబాద్ నుంచి వచ్చి అవతలివాళ్లకు వేసినోళ్ల పేర్లు తీసేయిద్దాం’ అంటోంది. ఊరి పెద్దలు ‘వచ్చేసారి గుడికి పది లక్షలు ఇస్తే ఏకగ్రీవం చేస్తాం’ అని అమ్మకు చెప్పారు. ఏది సరైనదో చెప్పండి.

— కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందుగా మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. పదకొండు ఓట్లతో ఓడిపోతానని తెలిసినా పంచనని నిలబడేవాళ్లు ఏ ఊళ్లోనైనా తక్కువే. అలాంటి మనిషికి రేపు ఒక కాగితం ఇవ్వని కారణంగా మళ్లీ పోటీ చేసే అర్హత పోకూడదు. అందుకే లెక్కతో మొదలుపెడతాను. మీ ప్రశ్నల్లో గడువు ఉన్నది అదే.

లెక్క ఇవ్వాలి. గెలిచినా, ఓడినా, డిపాజిట్ పోయినా, ఏకగ్రీవమైనా ఇవ్వాలి. పోటీలో ఉండి రూపాయి ఖర్చు పెట్టకపోతే ఖర్చు లేదని రాసైనా ఇవ్వాలి. ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజుల్లోపు ఎంపీడీఓకు అందజేయాలి. మీకు డిసెంబరు 17నే ఫలితం వచ్చింది కాబట్టి జనవరి 31 ఆఖరు. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే రాష్ట్ర ఎన్నికల సంఘం మూడేళ్లపాటు పోటీకి అనర్హురాలిగా ప్రకటించగలదు. ‘ఓడినోళ్లకు లెక్కలేంది’ అన్న మాట నమ్మి ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఆ సంగతి తర్వాతి నామినేషన్ పరిశీలన రోజున తెలుస్తుంది. ఎంపీటీసీగానో, జడ్పీటీసీగానో నిలబడదామని వెళ్లినప్పుడు అనర్హుల జాబితాలో తమ పేరు చూసుకుంటారు. మీ ఎంపీడీఓ ఆఫీసువాళ్లు ఫోన్ చేసి గుర్తుచేశారంటే మేలు చేశారనే అనుకోండి.

ఇక ఎంత వరకు ఖర్చు పెట్టవచ్చు? తెలంగాణలో జనాభా ఐదు వేలు దాటిన పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థికి రూ.2.5 లక్షలు, ఐదు వేలు, అంతకంటే తక్కువ ఉన్నచోట రూ.1.5 లక్షలు. వార్డు సభ్యులకైతే రూ.50 వేలు, రూ.30 వేలు. మీది చిన్న ఊరు కాబట్టి మీ అమ్మగారికి లక్షన్నర పరిమితి. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చిన రోజు దాకా, ఆ రెండు రోజులూ కలుపుకుని, పెట్టిన ఖర్చే లెక్కలోకి వస్తుంది. అంతకు ముందు దసరాకు ఊళ్లో కట్టిన శుభాకాంక్షల ఫ్లెక్సీ ఇందులో పడదు. కానీ ముందే అచ్చు వేయించి, నామినేషన్ తర్వాత పంచిన కరపత్రాల ఖర్చు మాత్రం రాయడమే మంచిది. వాడింది ప్రచారంలోనే కదా.

బిల్లులు సగం లేవన్నారు. భయపడాల్సిన పని లేదు, కానీ ఈ వారంలోనే కూర్చోవాలి. ఫ్లెక్సీ షాపు, ప్రింటింగ్ ప్రెస్సు, మైకు సెట్టు, ఆటో కిరాయి — ఈ నాలుగూ పెద్ద ఖర్చులు. ఈ నాలుగు చోట్లా అడిగితే బిల్లు మళ్లీ రాసిస్తారు. డబ్బు ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఇచ్చి ఉంటే తేదీ, మొత్తం ఫోన్‌లోనే ఉంటాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని ఒక్కో చెల్లింపు పక్కన దేనికో రాసుకుంటూ పోండి. వెంట తిరిగిన వాళ్లకు పెట్టించిన టిఫిన్లు, చాయ్, డప్పు కొట్టినవాళ్లకు ఇచ్చిన కూలి లాంటి వాటికి బిల్లు ఎవరూ ఇవ్వరు. వాటికి తెల్లకాగితం మీద వోచరు రాసి, డబ్బు తీసుకున్న మనిషి చేత సంతకమో వేలిముద్రో పెట్టించండి. ఆటో మీ బాబాయిది, కిరాయి తీసుకోలేదు అంటారా? అప్పుడు కూడా ఆ రోజుల్లో ఊళ్లో నడిచే కిరాయి ఎంతో అంత విలువ కట్టి చూపించాలి. ఉచితంగా వచ్చింది కూడా ప్రచారానికి వాడితే ఖర్చే.

ఒక్కటి మాత్రం చేయకండి. లేని ఖర్చుకు బిల్లు పుట్టించడం, ఉన్న ఖర్చును మాయం చేయడం. లెక్కతోపాటు అది నిజమని మీ అమ్మగారు సంతకం పెడతారు. ఎవరో తెలిసినవాళ్లు ‘అందరూ ఇదే రాస్తున్నారు’ అని ఒక నమూనా పట్టుకొచ్చి, అందులో అంకెలు నింపి ఇచ్చేస్తుంటారు. మండలం మొత్తంలో అభ్యర్థులందరి టీ ఖర్చు ఒకే అంకె ఉంటే చూసేవాళ్లకు అర్థం కాదా? మీ అమ్మగారి దగ్గర దాచాల్సిందేమీ లేదు. ఆమె లెక్క ఆమె రాతలోనే, ఆమెకు తెలిసిన అంకెలతోనే ఉండాలి. ఇచ్చాక తేదీతో, ముద్రతో రసీదు తీసుకోండి. రసీదు లేకుండా ఆఫీసు నుంచి బయటికి రావద్దని గట్టిగా చెప్తున్నాను. రేపు ఫైలు కనబడలేదంటే మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

ఇక ‘అవతలివాళ్లు లక్షలు పంచి, కాగితం మీద వేలల్లో చూపిస్తారు, మనం నిజాయితీగా రాసి లాభమేంటి’ అన్న బాధ మీ ఉత్తరం నిండా ఉంది. ఆ బాధ న్యాయమైనదే. కానీ మీకు తెలియాల్సిన ఒక సంగతి ఉంది. ఓటుకు పంచిన డబ్బు, మందు అసలు ఖర్చుల లెక్క కిందికే రావు. పరిమితి లోపల పంచితే తప్పు కాదు, దాటితేనే తప్పు అని చాలామంది అనుకుంటారు. వంద రూపాయలు పంచినా నేరమే. భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ దాన్ని లంచమంటుంది. 173 ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇచ్చినవాళ్లకే కాదు, ఓటు కోసం తీసుకున్నవాళ్లకు కూడా అదే సెక్షన్. ఊళ్లో ఈ రెండో సగం ఎవరూ చెప్పరు.

దాని పక్కనే 176వ సెక్షన్ ఉంది. పంచాయతీ ఎన్నికలకు దానికంటే అవసరమైన సెక్షన్ ఇంకోటి లేదని నా అభిప్రాయం. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకెవరైనా ఆ అభ్యర్థి గెలుపు కోసం సభలకో, ప్రకటనలకో, ఇంకే రకంగానో ఖర్చు పెడితే పది వేల రూపాయల వరకు జరిమానా. మినహాయింపు ఎంతో తెలుసా? పది రూపాయలు. అంత వరకు అనుమతి లేకుండా ఖర్చు పెట్టి, పది రోజుల్లో అభ్యర్థి ఆమోదం రాసి తెచ్చుకుంటే సరిపోతుంది. ఈ ఎన్నికల నేరాల అధ్యాయం మన శిక్షాస్మృతిలోకి 1920లో వచ్చింది. అప్పటి పది రూపాయలు పెద్ద మొత్తమే. 2024 జులై 1 నుంచి కొత్త సంహిత అమల్లోకి వచ్చినప్పుడు జరిమానా పెంచారు కానీ ఆ పది రూపాయలను అలాగే ఉంచారు.

దీన్ని ఎందుకు ఇంత సాగదీసి చెప్తున్నానంటే, తెలంగాణలో సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. బ్యాలెట్ పేపరు మీద ఉంగరమో, కత్తెరో, ఫుట్‌బాలో ఉంటుంది. అయినా ఏ అభ్యర్థి వెనక ఏ నాయకుడున్నాడో ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ నాయకుడి మనుషులు బండ్లు పెడతారు, భోజనాలు పెడతారు, ఊరంతా ఫ్లెక్సీలు కడతారు. అడిగితే ‘అది నేను పెట్టింది కాదు’ అని అభ్యర్థి చెప్తారు. అభ్యర్థికి తెలిసి, ఆమోదంతో జరిగితే అది ఆమె లెక్కలో చేరాలి. అనుమతి లేకుండా జరిగితే పెట్టినవాడు 176 కింద దొరకాలి. రెండింట్లో ఏదో ఒకటి కావాల్సిందే. ఈ ప్రశ్న రాతపూర్వకంగా అడిగేవాళ్లు ఊళ్లో లేకపోవడం వల్లే ఆ ఖర్చు ఎవరి ఖాతాలోనూ పడకుండా పోతోంది.

మీ అమ్మగారు అడగవచ్చు. గెలిచినవాళ్లు ఇచ్చిన లెక్క రహస్యం కాదు. గడువు ముగిశాక ఎంపీడీఓ ఆఫీసులో చూస్తామని అడగండి, కాపీ కోరండి, ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ప్రచారంలో తీసిన ఫొటోలు మీ దగ్గర ఉంటాయి. ఎన్ని బండ్లు, ఎన్ని ఫ్లెక్సీలు, ఎన్ని రోజులు మైకు తిరిగింది అన్నవి ఆ లెక్కతో పోల్చి, తేడాలు రాసి జిల్లా ఎన్నికల అధికారిగా ఉన్న కలెక్టరుకు, రాష్ట్ర ఎన్నికల సంఘానికి పంపండి. మీ సొంత లెక్క సక్రమంగా ఇచ్చి ఉంటేనే ఈ ఫిర్యాదుకు బరువు. తన లెక్క ఇవ్వని మనిషి ఎదుటివాళ్ల లెక్క గురించి అడిగితే ఎవరు వింటారు?

ఫలితాన్నే సవాలు చేయాలనుకుంటే అది వేరే దారి. ఎన్నికల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు వేయాలి. మీకు అది జనవరి 16. మధ్యలో సంక్రాంతి సెలవులున్నాయి కాబట్టి ఆలోచన ఉంటే పండుగ దాకా ఆగకుండా మీ ప్రాంతపు న్యాయవాదిని కలవండి. నా సలహా అడిగితే, డబ్బు పంచారని ఊరంతా చెప్పుకున్న మాట ట్రిబ్యునల్‌లో నిలబడదు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇచ్చారో చెప్పే సాక్షి బోనెక్కి నిలబడాలి. తీసుకున్నవాడు తానూ నేరస్తుడవుతాడు కాబట్టి నోరు విప్పడు. అలాంటి సాక్షులు మీకు నిజంగా ఉంటేనే ముందుకు వెళ్లండి. లేకపోతే ఆ డబ్బు, ఆ ఓపిక వచ్చే ఎన్నిక కోసం దాచుకోవడం మేలు.

డాలస్ డబ్బు విషయం జాగ్రత్తగా వినండి. మీ అన్నయ్య చేతిలో ఏ దేశం పాస్‌పోర్టు ఉందన్నదే ఇక్కడ ముఖ్యం. గ్రీన్ కార్డు ఉన్నా, హెచ్1బీలో ఉన్నా, పాస్‌పోర్టు భారత్‌దే అయితే ఆయన మన పౌరుడే. తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కాదు. దాన్ని ఎన్నికకు వాడారు కాబట్టి వచ్చిన నిధుల కింద ఆయన పేరుతో రాయండి. ఒకవేళ ఆయన అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే చట్టం దృష్టిలో విదేశీ మూలమవుతారు. అయినా దగ్గరి బంధువు కాబట్టి ఆయన ఇచ్చిన డబ్బుకు మినహాయింపు ఉంది. కానీ నామినేషన్‌కు ముందు 180 రోజుల్లో అలాంటి డబ్బు అందుకున్న అభ్యర్థి కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన ఉంది. అది కూడా చూసుకోవాలి.

దోస్తుల సంగతి అలా కాదు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం ఎన్నికల్లో నిలబడిన అభ్యర్థి విదేశీ విరాళం తీసుకోకూడదు. ఇది ఎంపీ, ఎమ్మెల్యేలకు మాత్రమే అనుకుంటారు. ఆ చట్టం పంచాయతీని, మున్సిపాలిటీని కూడా పేరుపెట్టి చేర్చింది. పౌరసత్వం మారిన మిత్రుడు పాతికవేలు పంపినా, అతను మన ఊరివాడే అయినా, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా, తీసుకోకూడదు. ఒక్కొక్కరి పాస్‌పోర్టు సంగతి మీ అన్నయ్యను అడిగి తెలుసుకోండి. భారత పౌరులైతే వాళ్ల పేర్లూ నిధుల జాబితాలో రాయండి. కాని వాళ్లు ఉంటే, ఆ డబ్బు ఇప్పటికే ఖర్చయిపోయినా సరే, మీరు ఏమీ చేయకముందే విదేశీ మారకం, విరాళాల చట్టం తెలిసిన ఒక ఆడిటరునో న్యాయవాదినో కలిసి, వెనక్కి పంపడం, తెలియజేయడం ఎలాగో వాళ్లు చెప్పినట్టు చేయండి. అన్నయ్య ఖాతా ద్వారా అంతా కలిపి వచ్చింది కదా, ఆయన పేరు మీదే చూపిద్దాం అని మాత్రం అనుకోవద్దు. మన ఊళ్లలో అమెరికా డబ్బుతో బడి గదులు కట్టారు, నీళ్ల ప్లాంట్లు పెట్టారు. ఆ ప్రేమ గొప్పది. ఎన్నిక దగ్గర మాత్రం చట్టం గీత గీసింది, గీయడం సరైనదే. ఊరి సర్పంచ్‌ను ఊళ్లో ఉండేవాళ్లు ఎన్నుకోవాలి.

ఆ మాటతోనే మీ ఓటు దగ్గరికి వస్తాను.

ముందు ఒక చిక్కు విప్పాలి. పంచాయతీ ఎన్నికలు, జీహెచ్‌ఎంసీ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు జరిపేది భారత ఎన్నికల సంఘం. రెండూ వేర్వేరు సంస్థలు. కానీ పంచాయతీకి విడిగా ఓటు నమోదు ఉండదు. అసెంబ్లీ ఓటర్ల జాబితాలో మీ ఊరికి చెందిన పేర్లను తీసుకుని, వార్డులవారీగా విడగొట్టి పంచాయతీ జాబితా తయారుచేస్తారు. జీహెచ్‌ఎంసీ డివిజన్ల జాబితా కూడా అసెంబ్లీ జాబితాలోంచే వస్తుంది. కాబట్టి సర్పంచ్ ఎన్నికకు ఓటు కావాలన్నా, కార్పొరేటర్ ఎన్నికకు ఓటు కావాలన్నా దరఖాస్తు ఒకటే. బూత్ స్థాయి అధికారి (బీఎల్ఓ) దగ్గరికి వెళ్లాలి, లేదా ఎన్నికల సంఘం ఓటరు పోర్టల్‌లో పెట్టాలి. సందేహముంటే 1950కి ఫోన్ చేయవచ్చు.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటు నమోదు గురించి మూడు మాటలు చెప్తుంది. ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాల్లో పేరుండకూడదు. ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదు. సాధారణంగా ఎక్కడ నివసిస్తారో అక్కడే ఉండాలి. సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసమున్నట్టు కాదని కూడా అందులోనే రాశారు. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసం పోదనీ రాశారు. పాలమూరు నుంచి ఆరు నెలలు పనికి పోయి, వానలు పడగానే తిరిగొచ్చే కూలీల ఓటు ఈ రెండో మాట వల్లే భద్రంగా ఉంది. వాళ్ల ఇల్లు, రేషన్ కార్డు, పొలం, ముసలి తల్లిదండ్రులు అన్నీ ఊళ్లోనే ఉంటాయి. మీ సంగతి అది కాదు. మీరు కాపురం పెట్టింది కూకట్‌పల్లిలో. అక్కడే వంట, అక్కడే ఉద్యోగం, రోడ్డు మీద గుంత పడితే మీరు తిట్టుకునేది అక్కడి కార్పొరేటర్‌నే. పుట్టింటి ఊరి మీద ప్రేమ వేరు, ఓటు వేరు. మీ ఓటు కూకట్‌పల్లిలో ఉండాలి.

ఆడపిల్లల విషయంలో ఈ తికమక ఇంటింటా ఉంది. పెళ్లవుతుంది, పుట్టింట్లో పేరు ఎవరూ తీయించరు. అత్తవారింట్లో మామగారు రేషన్ కార్డులో చేర్పించినట్టే ఓటరు జాబితాలోనూ చేర్పిస్తారు. కొత్త ఇంటిపేరుతో ఇంకో కార్డు వస్తుంది. ఆ మనిషికి రెండు ఎపిక్ (ఓటరు కార్డు) నంబర్లున్నాయన్న సంగతి ఆమెకే తెలియదు. తప్పు ఎవరిదని వెతకడం కంటే ఇప్పుడు సరిచేసుకోవడం ముఖ్యం. తెలిసీ ఊరుకుంటేనే ఇబ్బంది. కొత్త ఓటుకు పెట్టే ఫారం 6లో ‘నా పేరు ఇంకెక్కడా లేదు’ అని ధ్రువీకరిస్తూ సంతకం పెట్టాలి. అది అబద్ధమైతే అదే చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అందుకే అపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పినట్టు కూకట్‌పల్లిలో కొత్తగా ఫారం 6 పెట్టకండి. మూడోది చేరుతుంది.

మీరు చేయాల్సింది ఇది. పుట్టింటి ఊళ్లో ఉన్న పాత కార్డు నంబరుతో ఫారం 8 పెట్టి, చిరునామా కూకట్‌పల్లికి మార్చమని అడగండి. ఇంటిపేరు మార్చుకోవడానికి కూడా ఫారం 8నే వాడతారు. అక్కడి పేరు ఇక్కడికి వస్తుంది, కార్డు నంబరు అదే ఉంటుంది. అత్తగారి ఊళ్లో ఉన్న రెండో పేరుకు ఫారం 7 పెట్టి, అది మీదేనని, తొలగించమని రాయండి. రెండు దరఖాస్తుల రిఫరెన్స్ నంబర్లు దాచుకోండి. మామయ్యగారికి ముందే ఒక మాట చెప్పండి. పేరు పోయిందని తర్వాత తెలిస్తే, కోడలు ఊరితో సంబంధం తెంచుకుందని మనసు కష్టపెట్టుకుంటారు. జీహెచ్‌ఎంసీ నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే ఆ ఎన్నికకు పేరు అందుతుందన్న భరోసా ఉండదు కాబట్టి ఈ పని ఇప్పుడే చేయండి. బిహార్‌లో 2025లో జరిగిన ప్రత్యేక సమగ్ర సవరణ నవంబరు నుంచి మరో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలైంది. అలాంటి సవరణ మన దగ్గర జరిగినా రెండు చోట్ల ఫారం ఇచ్చే వీలుండదు.

డిసెంబరులో ఊళ్లో ఓటేశారు, రేపు హైదరాబాద్‌లో వేస్తారు, అవి రెండూ వేర్వేరు ఎన్నికలు కదా అని కొందరు వాదిస్తారు. ఒకే ఎన్నికలో రెండుసార్లు ఓటేయడం ఒక నేరం, అది నిజమే. కానీ రెండు జాబితాల్లో పేరు ఉంచుకోవడం విడిగా తప్పు. సిరా చెరిగిపోయేదాకా ఆగి వేసినంత మాత్రాన అది ఒప్పు కాదు. మీరు సక్రమంగా పేరు మార్పించుకుని ఇక్కడ వేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

‘అవతలివాళ్ల పేర్లు తీయిద్దాం’ అన్న అమ్మగారి మాట దగ్గర కాస్త ఆగాలి. ఊళ్లో నిజంగా లేనివాళ్ల పేర్ల మీద అభ్యంతరం చెప్పే హక్కు ఆమెకు ఉంది. ఆమె ఆ నియోజకవర్గం ఓటరు. కానీ ఒక్కో పేరుకు విడిగా ఫారం 7 ఇవ్వాలి, కారణం రాయాలి, కింద తన పేరు, సంతకం ఉండాలి. అధికారి అవతలి మనిషికి నోటీసు ఇచ్చి, అతని మాట వినాలి. కారణం అబద్ధమని తేలితే ఇందాక చెప్పిన 31వ సెక్షనే అమ్మగారికీ వర్తిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అవతలివాళ్లకు ఓటేశారన్నది కారణం కాదు. బస్సెక్కి వచ్చి మీ అమ్మగారికి ఓటేసినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో మీరూ ఒకరు. రెండు వైపులా ఒకే కొలత పెట్టాలి. పేరు తీయించే పని మొదలుపెడితే మొదటి ఫారం మీ ఇంటి నుంచే వెళ్లాలని నేనంటాను. మీరు ఓటు మార్చుకున్నాక అమ్మగారు ఏ పేరు మీద అభ్యంతరం పెట్టినా కక్షతో చేసిందని ఊరు అనదు.

నన్నడిగితే, తీయించడం కంటే చేర్పించడంలో ఆమె సమయం పెట్టాలి. పదకొండు ఓట్ల తేడా ఉన్న ఊళ్లో పద్దెనిమిది నిండినా పేరు లేని పిల్లలు ఎంతమంది ఉన్నారో చూడమనండి. 2022 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు నిండితే ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఊరికి కొత్తగా వచ్చిన కోడళ్లు, పేరు తప్పుగా పడినవాళ్లు, చెప్పకుండా పేరు పోయినవాళ్లు ఉంటారు. పేరు అన్యాయంగా తీసేస్తే ఓటరు నమోదు అధికారి (ఈఆర్ఓ) ఉత్తర్వు మీద 15 రోజుల్లో కలెక్టరుకు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చని చాలామందికి తెలియదు. ఆ కాగితం రాసిపెట్టే మనిషి ఊళ్లో ఒకరుండాలి. పంచాయతీ ఎన్నికలకు ముందు వార్డులవారీ ముసాయిదా జాబితాను పంచాయతీ ఆఫీసులో పెడతారు. ఒకే ఇంట్లో భార్య ఒక వార్డులో, భర్త ఇంకో వార్డులో పడటం మామూలు. అభ్యంతరాల గడువులోనే ఆ జాబితా ముందు నిలబడి చదివితే అలాంటివి సరిచేయించుకోవచ్చు. పోలింగ్ రోజు ఉదయం ఏడింటికి వచ్చి గొడవపడితే ఏమీ కాదు.

గుడికి పది లక్షల మాట గురించి. దీనికి నా జవాబు ఒక్కటే, వద్దు. ఏకగ్రీవం తప్పు కాదు. అందరూ కూర్చుని ఒక మనిషిని నమ్మి, మిగతావాళ్లు పోటీ చేయకపోతే అది మంచి సంగతే. దానికి ధర కట్టినప్పుడే అది వేలమవుతుంది. న్యాయ సంహిత 169వ సెక్షన్‌లో ఎన్నికల హక్కు అంటే ఏమిటో రాశారు. పోటీ చేయడం, చేయకపోవడం, ఉపసంహరించుకోవడం, ఓటు వేయడం, వేయకుండా ఉండటం అన్నీ అందులో ఉన్నాయి. డబ్బు ఆశ చూపి ఆ హక్కు వాడుకునేలా, వాడుకోకుండా చేస్తే లంచమే. ఆ డబ్బు ఒకరి జేబులోకి పోయినా, గుడి హుండీలోకి పోయినా చట్టానికి తేడా లేదు. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. సర్పంచ్ ప్రచార పరిమితి లక్షన్నర ఉన్న ఊళ్లో పది లక్షలు పెట్టిన మనిషి ఆ డబ్బు ఎక్కణ్నుంచి రాబట్టుకుంటుంది? వీధి దీపాలు, మోరీలు, నర్సరీ బిల్లుల్లోంచేగా. ఓటుకు పంచనన్న మనిషి పదవి కోసం కూడా డబ్బు ఇవ్వదని మీ అమ్మగారి చేత ఆ పెద్దలకు చెప్పించండి. గుడికి ఇవ్వాలనిపిస్తే ఎన్నికలతో సంబంధం లేని ఏడాదిలో, ఏ మాటా తీసుకోకుండా ఇవ్వవచ్చు.

చివరగా మీ అన్నయ్య పేరు. ఊరి జాబితాలో ఆయన పేరు కూడా మామూలు ఓటరుగానే ఉండి ఉంటుందని అనుకుంటున్నాను. భారత పాస్‌పోర్టు ఉండి విదేశాల్లో నివసించేవాళ్లు ఫారం 6ఏ పెట్టి, పాస్‌పోర్టులో ఉన్న స్వదేశీ చిరునామా మీద ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. అయితే పోలింగ్ రోజు స్వయంగా వచ్చి, పాస్‌పోర్టు చూపించి వేయాలి. పౌరసత్వం మారి ఉంటే ఆయన పేరు అక్కడ ఉండకూడదు, ఫారం 7 ఇచ్చి తీయించాలి. పాస్‌పోర్టు సంగతి ఎలాగూ డబ్బు లెక్క కోసం అడుగుతారు కాబట్టి ఈ రెండూ ఒకే ఫోన్‌కాల్‌లో తేల్చుకోండి. ఆ తర్వాత లెక్క కాగితాలు పట్టుకుని, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మగారితో కూర్చుని పూర్తిచేయండి. పండుగ సెలవులు అయిపోయి ఆఫీసు తెరిచిన మొదటి వారంలోనే ఎంపీడీఓకు ఇచ్చేయండి, జనవరి 31 దాకా ఆగవద్దు. ఆఖరు రోజున మండలంలోని అభ్యర్థులంతా అక్కడే ఉంటారు.